పాదం మనది, ఫుట్‌రెస్ట్ ఎవరిది?

అనకాపల్లిలో ఒక మెకానిక్ షెడ్డు. స్వచ్ఛంద సంస్థలో క్షేత్ర కార్యకర్తగా పనిచేసే నా స్నేహితురాలు తన మోటారు సైకిలు గేరు లీవరు కాస్త దించమని అడిగింది. లీవరు ఆమెకి ఎత్తుగా ఉంది. గేరు మార్చిన ప్రతిసారీ పాదం మొత్తం ఫుట్‌రెస్ట్ మీంచి లేపాలి. గతుకుల రోడ్డు మీద పాదం గాల్లో ఉంటే బండి అదుపు తప్పుతుంది.

మెకానిక్ నవ్వాడు. "గేర్ల బండి మీకెందుకండీ? స్కూటీ తీసుకోండి, సుఖంగా ఉంటాది."

ఆ సలహా మంచి మనసుతోనే ఇచ్చాడు. కానీ ఆమె వెళ్లాల్సింది రోలుగుంట, రావికమతం మండలాల్లోని కొండ గూడేలకి. రాళ్లు తేలిన దారిలో స్కూటరు చిన్న చక్రం దిగబడుతుంది. పద్దెనిమిది అంగుళాల చక్రమున్న మోటారు సైకిలు దాటిపోతుంది. ఆడవాళ్లకి స్కూటీ చాలు అనడమంటే, తారు రోడ్డు ఉన్నంత మేరే ఆడవాళ్లు తిరగాలి అనడమే.

చివరికి అతను పని చేశాడు. లీవరు బిగించిన ఒక్క బోల్టు వదులు చేసి, దాన్ని పళ్ల ఇరుసు మీంచి బయటికి లాగి, ఒక పన్ను కిందికి తిప్పి మళ్లీ బిగించాడు. బ్రేకు పెడలు ఎత్తు కూడా సరిచూశాడు. అంతా కలిపి పదినిమిషాలు.

ఈ పదినిమిషాల పని కోసం ఆమె మూడేళ్లు ఆగింది. లీవరుని మార్చుకోవచ్చని ఆమెకి ఎవరూ చెప్పలేదు. "నా కాలే పొట్టిదనుకున్నానండీ" అంది. నాకు కోపం వచ్చింది అక్కడే. వస్తువు మనకి సరిపోకపోతే తప్పు మన ఒంటిదేనని నమ్మించడం పితృస్వామ్యానికి వెన్నతో పెట్టిన విద్య.

మన దేశంలో స్త్రీల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు. రోడ్ల మీద మామూలుగా కనిపించే స్ప్లెండర్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. బండి ఆపితే చాలామంది స్త్రీలకి కాలి వేళ్లు మాత్రమే నేలకి ఆనతాయి. ఫుట్‌రెస్ట్, గేరు లీవరు, బ్రేకు పెడలు మధ్య దూరాలు ఎవరి కాలిని తలచుకుని గీశారో వేరే చెప్పాలా?

చట్టానికి స్త్రీ కనిపించలేదనలేం. కనిపించింది, వెనక సీట్లో. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది చూడండి. వెనక కూర్చునేవారికి పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాలు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్ట్ ఉండాలి, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా సగం చక్రానికైనా అడ్డు ఉండాలి అంటుంది. ఇది అవసరమైన నియమమే. చీర చక్రంలో పడి ప్రాణాలు పోయిన కథలు మన ఊళ్లన్నింటిలో ఉన్నాయి. అయితే వెనక కూర్చున్న స్త్రీ చీరకి దొరికిన ఆలోచన, ముందు కూర్చున్న స్త్రీ పాదానికి ఎందుకు దొరకలేదు?

"బండిని మార్చడం చట్టవిరుద్ధం కదా" అంటారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చకూడదన్న మాట నిజం. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. కంపెనీ ఇచ్చిన లీవరుని దాని ఇరుసు మీదే సర్దుకోవడం దాని కిందికి రాదు. పైగా వైకల్యమున్నవారి కోసం వాహనాన్ని మార్చుకోవడాన్ని ఈ చట్టమే ఒప్పుకుంటోంది. అంటే మనిషి ఒంటిని బట్టి బండి ఉండాలన్న సూత్రం చట్టానికి కొత్తేమీ కాదు.

"ఆడవాళ్ల కోసం వేరే మోటారు సైకిలు తయారు చేస్తే పోదా?" అని మనలోనే కొందరు అడుగుతున్నారు. నాకు ఇష్టం లేదు. లేడీస్ మోడల్ అంటే గులాబీ రంగు వేసి, బలం తగ్గించి అమ్ముతారు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమం వేలాది స్త్రీలకి సైకిలు నేర్పింది. లేడీస్ సైకిళ్లు చాలక మగవాళ్ల సైకిళ్లే తొక్కారు. ముందున్న రాడ్డు మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చని వాటినే కోరుకున్నవాళ్లూ ఉన్నారు. మనకి కావలసింది ప్రతి బండీ ప్రతి ఒంటికీ సర్దుబాటు కావడం. పొట్టి మగవాడికీ అది మేలే.

ఇక మన ఇంటి సంగతి. మన సంస్థలు ప్రాజెక్టు డబ్బుతో బండ్లు కొంటాయి. తాళాలు ఎవరి చేతికి వెళుతున్నాయి? మహిళా కార్యకర్తని "ఆయనతో వెళ్లమ్మా" అని వెనక సీట్లో కూర్చోబెట్టేది మనమే కదా! ఆయన రాని రోజు ఆమె పని ఆగిపోతుంది. ఆ తరవాత సమీక్షా సమావేశంలో ఆమెనే నిలదీస్తాం.

అందుకే మూడు పనులు. సంస్థ బండి కొన్నప్పుడు, నడిపే మనిషిని దాని మీద కూర్చోబెట్టి లీవరు, పెడలు, హాండిలు సరిచేయించాకే బిల్లు కట్టాలి. శిక్షణా తరగతుల్లో చట్టంతో పాటు స్పానరు పట్టడమూ నేర్పాలి: లీవరు మరీ దిగితే మలుపులో నేలకి తగులుతుందనీ, ఫుట్‌రెస్ట్ జరిపితే పెడళ్లూ జరపాలనీ తెలియాలి. సర్దుబాటయ్యే ఫుట్‌రెస్ట్, లీవరు అదనపు సామానుగా కాక బండితోనే రావాలని కంపెనీలనీ, రవాణా శాఖనీ అడగాలి.

మొన్న ఆ స్నేహితురాలు ఫోను చేసింది. ఇంకో ఇద్దరు కార్యకర్తలు బండి నేర్చుకుంటున్నారట. స్పానరు తన సంచీలోనే ఉందట.