ముద్ర ఎవడిది? పని ఎవరిది?

మన మాదిగ పెద్దాయన కుట్టిన చెప్పు మీద ఎవరి పేరుంది? కపిల బాన కుట్టినోడి పేరు ఏ రైతు నోట పలికింది? గూడూరు, సైదాపురం గనుల్లో మైకా పొరలు ఒలిచిన ఆడోళ్ల పేర్లు ఎవరికి గుర్తు? సరుకు మాత్రం నెల్లూరు మైకా అని దేశదేశాలకీ పోయింది. చేసినోడికి కూలి, అమ్మినోడికి పేరు. సరుకు మీద మన ముద్ర లేదు గానీ, మన వంటి మీద కులం ముద్ర పుట్టకముందే కొట్టారు.

ఇక్కడ ఒక చిత్రిక కథ చెప్పాలి. వడ్రంగి కొయ్యను నున్నగా తోసే పనిముట్టే చిత్రిక. 18వ శతాబ్దంలో అమెరికాలోని మాసచూసెట్స్‌లో, రెంథమ్ అనే ఊళ్లో, ఫ్రాన్సిస్ నికల్సన్ అనే తెల్లదొర కొయ్య చిత్రికలు చేసి అమ్మేవాడు. ముందు కొన మీద తన పేరు ముద్ర కొట్టేవాడు. ఆయన దగ్గర సీజర్ చెలోర్ అనే నల్ల బానిస ఆ పనే చేసేవాడు. పని బానిసది కూడా, ముద్ర దొర ఒక్కడిదే. 1753లో దొర పోతూ వీలునామాలో సీజర్‌కి విడుదల రాశాడు. పనిబల్ల, పనిముట్లు, పదెకరాల నేల కూడా రాశాడు. (దొర మంచోడని చప్పట్లు కొట్టొద్దు. తాను బతికున్నన్నాళ్లూ బానిసగానే ఉంచుకున్నాడు.) విడుదలైన సీజర్ సొంత ముద్ర పెట్టుకున్నాడు: సీజర్ చెలోర్, కాపురం రెంథమ్. పేరూ ఊరూ రెండూ! 1784లో ఆయన చనిపోయాడు. ఆ చిత్రికలు ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి. ఆయనకి పేరొక్కటే కాదు, నేలా పనిముట్టూ కూడా దక్కాయన్నది మనం మరవకూడదు.

ఇక మన సంగతి. 2019లో కొల్హాపురి చెప్పులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా 2025 జూన్‌లో ప్రాడా అనే ఇటలీ కంపెనీ మిలాన్‌లో అలాంటి చెప్పులే చూపించి, ఎవరి పేరూ చెప్పలేదు. గోల లేచాకే భారతీయ చేతిపని నుంచి తీసుకున్నామని ఒప్పుకుంది.

మన పక్కనే వెంకటగిరి చీరకీ, ఉదయగిరి చెక్క గరిటెకీ ఈ గుర్తింపు ఉంది. అయితే అది సంఘం పేరనో, సంస్థ పేరనో ఉంటుంది. చేసే మనిషి ఆ గుర్తు వాడాలంటే తన పేరు విడిగా నమోదు చేయించుకోవాలి. ఆ రుసుము 2020లో 500 రూపాయల నుంచి 10 రూపాయలకి దిగింది. ఆఫీసు చెన్నై గిండీలో ఉంది. గూడూరు జంక్షన్‌లో రైలెక్కితే చెన్నై 138 కిలోమీటర్లే. ఆ పుస్తకంలో నేసినోడి పేరుందా, షావుకారి పేరుందా అని కార్యకర్తలు పోయి అడగాలి.

'పేరేస్తే కులం తెలిసిపోయి కొనరు' అని మన కుర్రోళ్లు అంటున్నారు. ఈ భయం ఉత్తది కాదు. కానీ పేరు దాస్తే తెలియకుండా పోయేది కులం కాదు, మనకి రావాల్సిన లెక్క. పిల్లల్ని మళ్లీ తోలు పనిలో దించమని మేము అనడం లేదు. చచ్చిన గొడ్డును మోయడం మానమన్న బాబాసాహెబ్ మాట మాటే. మానేదీ చేసేదీ మన ఇష్టం కావాలి. చేసినంత కాలం పేరు మనది కావాలి.

ప్రతి పల్లెలో చెప్పు, డప్పు, చాప, బుట్ట చేసేవాళ్ల జాబితా రాయండి. మనిషి పేరు, ఊరు, ఎన్నాళ్ల పని, ఎవడికి ఎంతకి అమ్ముతున్నారు, వాడు బజార్లో ఎంతకి అమ్ముతున్నాడు. ఈ చివరి అంకె వదలొద్దు.