ఐటీఐ శిక్షణను మారిన పనికి తగ్గట్టు తీర్చిదిద్దాలని వినతిపత్రం

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ఉపాధి, శిక్షణ శాఖ కమిషనర్ గారి సముఖమునకు,

ప్రభుత్వ ఐటీఐ విద్యార్థులు, పూర్వ విద్యార్థులు, తల్లిదండ్రులు సమర్పించుకొను వినతి.

విషయం: మోటారు మెకానిక్ తదితర ట్రేడుల్లో శిక్షణ, బోధకుల పునశ్చరణ, అప్రెంటిస్‌షిప్ గురించి.

అయ్యా,

పదో తరగతి కాగానే ఇంటికి ఆసరా కావలసిన పిల్లలే ఎక్కువగా ఐటీఐలో చేరుతారు. ఇంజనీరింగ్ పట్టభద్రుడికి తెలియనిది కంపెనీ నేర్పుకుంటుంది. ఐటీఐ కుర్రాడికి మాత్రం మొదటి రోజే పానా చేతికిచ్చి పని చూస్తారు.

ఆ పని ఇప్పుడు మారింది. 2020 ఏప్రిల్ 1 నుంచి మార్కెట్లోకి కొత్తగా వస్తున్నవి బీఎస్-6 వాహనాలు. ఇంజన్ చప్పుడు విని లోపం చెప్పే నేర్పు ఒక్కటే వీటికి చాలదు. స్కానర్ పెట్టి కోడ్ చదవాలి, మల్టీమీటర్‌తో సరిచూడాలి. ఇక విద్యుత్ వాహనాలకు మన ప్రభుత్వమే 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించింది. కొనమని ప్రోత్సహించిన ప్రభుత్వానికి, వాటిని బాగుచేసేవారిని తయారుచేసే బాధ్యతా ఉంటుందని మనవి. విద్యుత్ కారు బ్యాటరీలో వందల వోల్టులు ఉంటాయి. సరఫరా తెంచకుండా, రక్షణ గ్లవ్స్ లేకుండా ముట్టుకుంటే ప్రాణాపాయం. షెడ్డులో చూసీ చూసీ నేర్చుకునే పని కాదది.

65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే కార్యక్రమానికి 2024 జూన్‌లో మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగింది. దానిని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. అయితే కొత్త యంత్రం మీద ముందు బోధకుడి చెయ్యి తిరగాలి. మా కోరికలకు మూలం ఇదే.

1. ప్రతి బోధకుడికీ రెండేళ్లకోసారి, పూర్తి జీతంతో, కనీసం నాలుగు వారాలు పరిశ్రమలోనో హైదరాబాద్‌లోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థలోనో పునశ్చరణ ఇప్పించాలి. ఆ కాలాన్ని విధి నిర్వహణగా పరిగణించి, తరగతికి ప్రత్యామ్నాయ బోధకుణ్ని పంపాలి. నేర్చుకునే వీలు కల్పించకుండా బోధకులను తప్పుపట్టడం న్యాయం కాదు.

2. మోటారు మెకానిక్, డీజిల్ మెకానిక్, ఎలక్ట్రీషియన్ ట్రేడుల వారందరికీ హైవోల్టేజ్ భద్రతపై ప్రాక్టికల్ తప్పనిసరి చేయాలి. మొదటి రెండు ట్రేడులకు స్కానర్ వాడకమూ నేర్పాలి. ఇప్పటికే పాసై షెడ్లలో పనిచేస్తున్నవారికి సాయంత్రపు స్వల్పకాలిక కోర్సు పెట్టాలి, వారి పూట కూలి పోకూడదు. కొత్తవాటి కోసం ప్రాథమిక పనుల గంటలు మాత్రం తగ్గించవద్దు. ఆకురాయి పట్టి కొలతకు తేవడం రానివారికి సీఎన్‌సీ మిషన్ మీద మిల్లీమీటరులో వందో వంతు తేడా విలువ తెలియదు.

3. వెల్డింగ్ రాడ్లు, వైరు, ఇనుప ముక్కల వంటి సామగ్రికి నిధులు తరగతులు మొదలయ్యే నాటికే అందాలి.

4. భద్రతా సూచనలు, కొత్త పాఠ్యాంశాలు తెలుగు, ఉర్దూల్లో అచ్చు వేయించాలి. ప్రమాద హెచ్చరిక అర్థంకాని భాషలో ఉంటే అది లేనట్టే.

5. ముప్పై మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు 2.5 నుంచి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలని నిబంధన ఉంది. జిల్లాలో అలాంటి సంస్థలేవి, ఒక్కోచోట ఎందరిని తీసుకున్నారు అన్న జాబితాను ప్రతి మూడు నెలలకు ఐటీఐ నోటీసు బోర్డులో పెట్టాలి. స్టైపెండ్ బ్యాంకు ఖాతాలోనే జమ కావాలి. నేర్పిన పనుల రికార్డు మీద సూపర్‌వైజర్ సంతకం ఉండాలి. లేకుంటే ఏడాదంతా ఊడ్పుకూ మోతకూ వాడుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టే ప్రమాదం ఉంది.

వీటిలో నాలుగు, ఐదు కోరికలకు పెద్దగా ఖర్చు లేదు. వాటిని ఈ విద్యా సంవత్సరంలోనే అమలు చేయాలని, మిగిలిన వాటికి గడువులతో కూడిన ప్రణాళిక ప్రకటించాలని కోరుతున్నాం. మా ప్రతినిధులను చర్చకు పిలిచి, 30 రోజుల్లోగా రాతపూర్వకంగా సమాధానం ఇప్పించవలసిందిగా ప్రార్థన.

భవదీయులు,
ఐటీఐ విద్యార్థులు, పూర్వ విద్యార్థులు, తల్లిదండ్రులు