కామధేనువు – దూడ

1957 మార్చి 6న స్వాతంత్ర్యము పొందిన ఘనా దేశమునకు కోకో పంటయే కామధేనువు. ఆ పంటను కొని విదేశములకమ్ము అధికారము తెల్లదొరలు 1947లో నెలకొల్పిన మార్కెటింగు బోర్డుది. దొరలు పోయినారు గాని తక్కెడ మారలేదు. విదేశపు ధరకును రైతు చేతికందు ధరకును నడుమనున్న అంతరము ఖజానాకే చేరినది. ఆ ధనముతో ఎన్‌క్రుమా ప్రభుత్వము పాఠశాలలు, రహదారులు నిర్మించినమాట నిజమే. కాని 1965లో కోకో ధర పడిపోగా ఖజానా కుంగినది. మరుసటి యేడు సైన్యము ప్రభుత్వమునే కూల్చినది.

1992 రాజ్యాంగముతో ప్రజాస్వామ్యము కుదురుకొన్నది. ఎన్నికలలో ఓడినవారు మారుపలుకక గద్దె దిగుచున్నారు. ఇది అల్పవిషయము కాదు. అయినను 2022 డిసెంబరులో ఆ దేశము విదేశీ ఋణములలో చాలవాటి చెల్లింపును నిలిపివేయవలసి వచ్చినది. నేటికిని కోకో రైతు ధరను ప్రభుత్వమే ప్రకటించుచున్నది. పాలన్నియు పిండుకొని దూడను మరచిన ఇంట పాడి నిలుచునా?