నోరు కట్టుకోలేనివాళ్ల ఆపరేషనా?

బరువు తగ్గించే ఆపరేషన్ అంటే నోరు కట్టుకోలేనివాళ్లు డబ్బు పోసి కొనుక్కునే అడ్డదారి అన్న అభిప్రాయం కీసర, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతంలో గట్టిగా నాటుకుపోయింది. తెలుగునాట మిగతా చోట్లా అంతే. రాత్రిపూట అన్నం మానేస్తే తగ్గదా అని అరుగు మీది పెద్దలు అడుగుతారు. చిన్న చిన్న రంధ్రాలే, రెండు మూడు రోజుల్లో ఇంటికి వెళ్లిపోవచ్చని ఆసుపత్రి ప్రకటనలు ఊరిస్తాయి. ఒకరిది ఎగతాళి, ఇంకొకరిది వ్యాపారం. అయినా ఇది తేలిక పని అన్న దగ్గర ఇద్దరిదీ ఒకే మాట. తప్పు సరిగ్గా అక్కడే ఉంది. ఆ మాట వల్లే ఆపరేషన్ అవసరమైనవాళ్లు సిగ్గుపడి ఆలస్యం చేస్తున్నారు, అవసరం లేనివాళ్లు తొందరపడుతున్నారు, చేయించుకున్నవాళ్లు సంగతి దాచిపెట్టి దెబ్బతింటున్నారు.

తిండి తగ్గిస్తే బరువు తగ్గుతుందన్నది నిజమే. తగ్గిన బరువు తగ్గినట్టే ఉండదన్నది కూడా అంతే నిజం, దాన్ని మాత్రం ఎవరూ చెప్పరు. ఉమ్మడి కృష్ణా జిల్లాలో ఈ ప్రయత్నాలకు కొదవ లేదు. ప్రకృతి వైద్యుడు మంతెన సత్యనారాయణరాజు ఉప్పు, నూనె లేని వంట చెప్పారు. డైట్ ప్రచారకుడు వీరమాచనేని రామకృష్ణ అన్నం మాన్పించి కొబ్బరినూనె, నిమ్మరసం పట్టించారు. రెండు దారుల్లోనూ తగ్గినవాళ్లు ఉన్నారు. భారీ బరువు ఉన్న మనిషి ఏ పద్ధతిలో తగ్గినా శరీరం మాత్రం దాన్ని కరువుగానే లెక్కగడుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ పడిపోతుంది, ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి తగ్గిపోతుంది. అమెరికాలో బరువు తగ్గే పోటీ కార్యక్రమం ఒకదానిలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించారు. 2016లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం చాలామంది పోగొట్టుకున్న బరువులో ఎక్కువ భాగాన్ని తిరిగి పెంచుకున్నారు. విశ్రాంతిగా ఉన్నప్పుడు వాళ్ల శరీరాలు ఖర్చుచేసే శక్తి, ఆ బరువుకు ఉండాల్సిన దానికంటే రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగా ఉంది. ఆరేళ్లు గడిచినా శరీరం పాత బరువును మరిచిపోలేదన్నమాట. ఇలాంటి మనిషిని నోరు కట్టుకోమనడం ఉబ్బసం ఉన్నవాడిని గట్టిగా గాలి పీల్చుకోమన్నట్టే ఉంటుంది.

ఆపరేషన్ చేసే పని పొట్ట చిన్నది చేయడమే అనుకోవడం కూడా సగం అవగాహనే. ఎక్కువగా జరిగే స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో ముప్పాతిక భాగానికి పైగా తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా మిగులుస్తారు. గ్రెలిన్ ఎక్కువగా పుట్టేది తీసేసిన భాగంలోనే. బైపాస్ అనే మరో పద్ధతిలో జీర్ణాశయం పైన చిన్న సంచి మాత్రమే ఉంచి దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. తిన్నది పేగు కింది భాగానికి త్వరగా చేరడంతో తృప్తినిచ్చే హార్మోన్లు, ఇన్సులిన్‌ను ఉసిగొల్పే హార్మోన్లు పెరుగుతాయి. 1995లో అమెరికా వైద్యుడు వాల్టర్ పోరీస్ బృందం బైపాస్ చేయించుకున్న మధుమేహులలో అయిదింట నాలుగొంతుల మందికి పైగా షుగరు మామూలు స్థాయికి వచ్చిందని ప్రకటించింది. విచిత్రం ఏమిటంటే, చాలామందిలో బరువు తగ్గడానికి ముందే, కొద్ది రోజుల్లోనే ఆ మార్పు కనబడింది. ఆకలిని, షుగరును నడిపించే యంత్రాంగాన్నే ఈ చికిత్స సవరిస్తుంది. దాన్ని సోమరితనానికి మందు అనడం శరీరధర్మం తెలియని మాట.

ఇక భయం సంగతి. సినీనటి ఆర్తి అగర్వాల్ 2015 జూన్ 6న న్యూజెర్సీలో, 31 ఏళ్ల వయసులో మరణించినప్పుడు, బరువు తగ్గే ఆపరేషన్ ఆమె ప్రాణం తీసిందన్న మాట తెలుగు ఇళ్లలో స్థిరపడింది. అంతకు కొన్ని వారాల ముందు ఆమె హ్యూస్టన్‌లో చేయించుకున్నట్టు వార్తల్లో వచ్చింది లైపోసక్షన్. చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగేసే సౌందర్య చికిత్స అది. జీర్ణాశయాన్ని ముట్టుకోదు, షుగరును తగ్గించదు, ఊబకాయానికి వైద్యమూ కాదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం పదేళ్లు దాటినా పోలేదు. అసలు ఆపరేషన్‌కు ప్రమాదం లేదని కాదు. 2009లో వెలువడిన అమెరికా అధ్యయనంలో మొదటిసారి ఈ ఆపరేషన్ చేయించుకున్న 4,776 మందిలో నెల లోపు చనిపోయినవాళ్లు నూటికి 0.3, అంటే వెయ్యికి ముగ్గురు. మరీ భారీకాయులకు, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు ముప్పు అంతకంటే ఎక్కువ. అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ 2014 సెప్టెంబరులో ఢిల్లీలో ఈ ఆపరేషన్ చేయించుకున్నాక ఇబ్బందులు వచ్చి మళ్లీ ఆసుపత్రిలో చేరారు. అంతకు మూడేళ్ల ముందు చేయించుకున్న బీజేపీ నాయకుడు నితిన్ గడ్కరీ మామూలుగా తన పనిలో పడిపోయారు. ఒక్కొక్కరి కథ పట్టుకుని తీర్పు చెప్పడం మానేసి లెక్కలు చూడాలి. స్వీడన్‌లో 1987 నుంచి వేలమందిని వెంబడించి చూసిన అధ్యయనం 2020లో చెప్పిన లెక్క ఇది: ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, చేయించుకోని ఊబకాయుల కంటే సుమారు మూడేళ్లు ఎక్కువ బతికారు. సాధారణ జనం కంటే మాత్రం అయిదున్నరేళ్లు తక్కువే బతికారు. ఈ రెండో అంకెను ప్రకటనలు చెప్పవు, మొదటి అంకెను అరుగులు నమ్మవు.

నిర్ణయం తీసుకోవడానికి కొలత బీఎంఐ. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె అది. 2022లో అంతర్జాతీయ వైద్య సంఘాలు 35 దాటిన ఎవరికైనా ఈ ఆపరేషన్‌ను సిఫార్సు చేయవచ్చన్నాయి. తక్కువ బరువుకే షుగరు తెచ్చుకునే ఆసియావాసుల విషయంలో ఆ గీతను 27.5కు దించాయి. అయిదడుగుల రెండంగుళాల స్త్రీకి 27.5 అంటే 68 కిలోలు. ఆరోగ్య బీమా వర్తించడానికి బీమా నియంత్రణ సంస్థ పెట్టిన షరతు వేరు: బీఎంఐ 40 దాటాలి, లేదా 35 దాటి గుండెజబ్బు, అదుపు తప్పిన షుగరు, నిద్రలో ఊపిరి ఆగే తీవ్రమైన గురక జబ్బు వంటివి ఉండాలి, మామూలు పద్ధతులు విఫలమై ఉండాలి. అదే స్త్రీకి అది 99 కిలోలు, లేదా జబ్బులతో కలిపి 87 కిలోలు. 68కీ 99కీ మధ్య ఉన్న ఈ మైదానంలోనే బేరాలు జరుగుతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో నూటికి 36.3 మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారని తేల్చింది. వాళ్లందరూ ఆపరేషన్ బల్ల ఎక్కాల్సినవాళ్లు కారు. అంకె తలుపు తెరుస్తుంది, అంతే. లోపలికి వెళ్లాలా వద్దా అన్నది జబ్బులు చెప్పాలి.

పెళ్లి కుదరడం లేదని షుగరూ బీపీ లేని 70 కిలోల అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్లే తల్లిదండ్రుల కోసం ఈ వైద్యం పుట్టలేదు. ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర వరకు గర్భం దాల్చకూడదని వైద్యులు చెప్పే మాటను పెళ్లిచూపుల ముందు ఎంతమంది లెక్కలోకి తీసుకుంటారు? మరోవైపు 110 కిలోల బరువుతో, రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ పొడుచుకుంటూ, మోకాళ్లు పట్టేసి మిర్చి తోటలోకి దిగలేని నలభై అయిదేళ్ల రైతుకు, వచ్చే ఏడాది చూద్దాం అని చెప్పడం అన్యాయం. షుగరు వచ్చి ఎన్నేళ్లయితే ఆపరేషన్‌తో అది తగ్గే అవకాశం అంత సన్నగిల్లుతుంది. థైరాయిడ్ లోపం ఉందేమో చూడకుండా, మద్యం అలవాటును, తీవ్రమైన దిగులును ముందు సరిచేయకుండా, పోషకాహార నిపుణులతో ఒక్కసారైనా కూర్చోబెట్టకుండా తేదీ ఇచ్చేసే చోటికి వెళ్లకపోవడం మంచిది. మొదటి రోజే డిస్కౌంటు మాట ఎత్తితే లేచి వచ్చేయవచ్చు.

తేలిక అన్న మాట అబద్ధమని రుజువయ్యేది కోలుకునే రోజుల్లోనే. ఆపరేషన్ రోజు సాయంత్రమే నడిపిస్తారు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా. మొదటి రెండు వారాలు ద్రవాలే: నీళ్లు, మజ్జిగ తేట, పప్పుకట్టు, పలచటి రాగిజావ, అదీ గుక్కెడు గుక్కెడుగా. తర్వాత మెత్తగా మెదిపినవి, ఆపైన మెత్తటి వంటలు. మామూలు తిండికి రావడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. కంచం నిండా అన్నం కలుపుకుని మామిడికాయ పప్పుతో, ఆవకాయతో లాగించిన చేతికి ఇకపై నాలుగు ముద్దలే. అందులోనూ ముందు గుడ్డు, పెరుగు, పెసరపప్పు, చేప వంటి మాంసకృత్తులు రోజుకు 60 గ్రాములైనా పడాలి. అన్నానికి చోటు ఆ తర్వాతే. తింటూ నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. బైపాస్ అయినవాళ్లు అరిసె ముక్కో బూరో తింటే గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం మొదలవుతాయి. మూడో నెల నుంచి జుట్టు రాలుతుంది, చాలామందికి కొన్నాళ్లకు తిరిగి వస్తుంది. బరువు వేగంగా తగ్గడంతో పిత్తాశయంలో రాళ్లు పడే అవకాశం ఉంది కాబట్టి కొన్ని నెలలపాటు మందు ఇస్తారు. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి బిళ్లలు జీవితాంతం తప్పవు. విడవకుండా వాంతులవుతుంటే థయమిన్ పడిపోయి మెదడు దెబ్బతినవచ్చు. గ్యాస్ అని సరిపెట్టుకునే వ్యవహారం కాదది.

మొదటి వారాల్లో గుండె వేగం నిమిషానికి 120 దాటడం, జ్వరం, ఎడమ భుజంలోకి పాకే నొప్పి కనిపిస్తే కుట్ల దగ్గర లీకైందేమోనని అనుమానించాలి. కీసర నుంచి విజయవాడ గంట ప్రయాణం. ఆ గంట సరైన సమయంలో మొదలవడమే ముఖ్యం. ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పకపోవడం ఇక్కడే కొంప ముంచుతుంది. పల్లెలో కడుపునొప్పి వచ్చినా, నడుము పట్టినా మొదట చూసేది ఆర్ఎంపీ డాక్టరు. సంగతి తెలియని ఆయన అలవాటుగా డైక్లోఫెనాక్ సూది పొడుస్తాడు. బైపాస్ అయినవాళ్లలో ఆ రకం నొప్పి మందులు అతుకు దగ్గర పుండ్లు తెప్పిస్తాయి, బీడీ, సిగరెట్ దానికి తోడవుతాయి. షుగరు, బీపీ మాత్రలు పాత మోతాదులోనే మింగుతుంటే కళ్లు తిరిగి పడిపోతారు, ఎందుకంటే అవసరం మొదటి వారంలోనే తగ్గిపోతుంది. మద్యం మునుపటికంటే త్వరగా, ఎక్కువగా తలకెక్కుతుంది. ఏ ఆపరేషన్ అయిందో రాసిన చీటీ జేబులో ఉంటే వీటిలో చాలా తప్పిపోతాయి. ఆ చీటీ చూపించడానికి సిగ్గుపడేలా చేసింది అడ్డదారి అన్న నిందే.

తగ్గే బరువు సాధారణంగా ఏడాది, ఏడాదిన్నరలో మొత్తం బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది. 110 కిలోల మనిషి 80కి దగ్గరగా వచ్చి ఆగడం విజయమే, సినిమా హీరోలా కాకపోయినా. ఆ తర్వాత కొంత పెరగడం మామూలే. ఊరు మాత్రం అప్పుడే మొదలుపెడుతుంది: అన్ని లక్షలు పోసి ఏం సాధించావు అని. షుగరు కథా అంతే. అమెరికాలో అయిదేళ్లపాటు సాగి 2017లో ఫలితాలు వెలువడిన పరిశీలనలో షుగరును పూర్తి అదుపులో, అంటే కొన్ని నెలల సగటు షుగరును చెప్పే హెచ్‌బీఏ1సీ 6 లోపు, ఉంచుకోగలిగినవాళ్లు మందులు మాత్రమే వాడినవాళ్లలో నూటికి 5 మంది, స్లీవ్‌తో 23, బైపాస్‌తో 29. ఆపరేషన్ మేలని ఎంత గట్టిగా చెబుతుందో, షుగరు పోయిందని చాటింపు వేయడం ఎంత అబద్ధమో కూడా అంతే గట్టిగా చెప్పే లెక్క ఇది.

2025లో మన దేశపు మందుల దుకాణాలకు మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు వచ్చాక, ఇక కత్తితో పనేమిటన్న కొత్త మాట బయలుదేరింది. పరీక్షల్లో వెగోవీలోని సెమాగ్లూటైడ్ బరువును సగటున 15 శాతం, మౌంజారోలోని టిర్జెపటైడ్ పెద్ద మోతాదులో 20 శాతానికి పైగా తగ్గించాయి. చిన్న విషయం కాదది. అయితే సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చింది. బీఎంఐ 30 దగ్గర ఉన్నవాళ్లకు ముందు ఇవి వాడి చూడటం సబబే. 45 ఉన్నవాళ్లకు ఇంజెక్షన్లు మాత్రమే చాలకపోవచ్చు. స్లీవ్ తర్వాత బరువు మళ్లీ పెరుగుతుంటే వైద్యులు ఇవే ఇంజెక్షన్లను జోడిస్తున్నారు. పుల్లటి త్రేన్పులు, గుండెల్లో మంట తగ్గకపోతే స్లీవ్‌ను బైపాస్‌గా మారుస్తున్నారు. బీపీకి ఒక మాత్ర చాలనప్పుడు రెండోది కలపడంలో ఎవరికీ తప్పు కనబడదు. ఇక్కడా జరుగుతున్నది అదే.