భాషకు అంకె వేయు విధము

1992 వరకు ఒకే జిల్లాగా నుండిన మన కోరాపుట్, రాయగడలలో తెలుగు, ఒడియా, కువి, సవర ఇంటి భాషలుగా గల పిల్లలు కలసి చదువుకొనుట క్రొత్త కాదు. వారి మార్కుల హెచ్చుతగ్గులకు కారణములు వెదకువారు బహుళ ప్రతిగమన పద్ధతి నుపయోగింతురు. బడికి గల దూరము, హాజరు దినములు అంకెలే గనుక సమీకరణములో సులువుగా ఇముడును. మరి భాష?

ఒడియాకు 1, తెలుగునకు 2, కువికి 3, సవరకు 4 అని వేసినచో, ఒడియాకును తెలుగునకును ఎంత అంతరమో తెలుగునకును కువికిని అంతే అంతరమని గణితము నమ్మును! భాష పేరే గాని పరిమాణము కాదు. కావున ఒక్కొక్క భాషకు ఒక్కొక్క గడి గీసి, ఆ భాషవారైన 1, కాకున్న 0 వేయవలెను. నాలుగు భాషలకు మూడు గడులే చాలును. మూడింటను సున్న వచ్చినవాడు నాల్గవ భాషవాడే గదా. నాలుగును ఉంచినచో, సమీకరణములోని స్థిరపదముతో చిక్కుపడి గుణకములు తేలవు.

అట్లు వదలిన భాషయే ఆధార వర్గము. దూరము, హాజరు సమానమైనపుడు దానితో గల తేడాలనే తక్కిన గుణకములు తెలుపును. ఇచ్చటనే నా పేచీ. ఒడియాను ఆధారముగా నిలిపి, తెలుగు గడికి ఋణసంఖ్య రాగానే "తెలుగు పిల్లలు మందమతులు" అనుట తగునా? కువిని ఆధారముగా నిలిపినచో ఆ గుర్తే మారవచ్చును. పిల్లల మార్కులు మాత్రము మారవు.

కువి, సవరలను "ఇతరులు" అను ఒకే గడిలో త్రోయుట మరింత అన్యాయము. కువి ద్రావిడ భాష, సవర ముండా భాష.

ఇంట కువి, సంతలో ఒడియా, బడిలో తెలుగు పలుకు బాలికకు ఏ గడిలో 1 వేయుదురు? ఇంటి భాషకును బోధన భాషకును వేర్వేరు గడులుండవలెను. మన బడి పట్టికను నేనట్లే గీయుదును.