ముందు మాట, ఆపైన ముస్తాబు

వెబ్‌సైటు నిర్మాణంలో అన్నిటికంటే ముందు రావలసినది మన దగ్గర అన్నిటికంటే చివర వస్తున్నది. అది మాట. రంగులు ఖాయమవుతాయి, బొమ్మలు కుదురుతాయి, మెనూలు అమరుతాయి, సొమ్ములో సగం చేతులు మారుతుంది. ఆ తరువాత గానీ చదువరికి ఏమి చెప్పదలచుకొన్నామన్న ప్రశ్న పుట్టదు. తెలుగు సైట్ల విషయంలో డిజైనరుకూ క్లయింటుకూ నడుమ వచ్చే తగవుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం. దానికి విరుగుడేమిటో మిత్రులతో పంచుకొందామని ఈ టపా.

ఈ తెలుగు పంతులుకు ఆ గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. నా పూర్వవిద్యార్థులు కొందరు సైట్లు కట్టే వృత్తిలో ఉన్నారు. తెలుగు పుట తయారైనప్పుడల్లా ‘మాస్టారూ, ఒక్కసారి అచ్చుతప్పులు చూసిపెట్టండి’ అని పంపుతుంటారు. తప్పులు చూడబోయిన నాకు క్రమంగా వాటి వెనుక కథలు కూడా తెలియసాగాయి. కోడు రాయడం నాకు రాదు. పుట ఎక్కడ చెడుతుందో, బేరం ఎక్కడ బెడిసికొడుతుందో మాత్రం దగ్గరగా చూశాను.

మొదట పుట సంగతి. ‘ముందు బాగా కనబడేట్టు చేయండి బాబూ, మ్యాటరు తరవాత పంపుతాం’ అంటాడు క్లయింటు. డిజైనరు ఏమి చేస్తాడు? ‘లోరెమ్ ఇప్సమ్’ అని మొదలయ్యే లాటిన్ ముక్కలతో ఖాళీలు నింపుతాడు. క్రీ.పూ. 45లో సిసెరో రచించిన తత్త్వగ్రంథంలోని మాటలను తుంచి, కలగాపులగం చేసిన పాఠమది. చూసేవారి దృష్టి అర్థం మీదికి పోకుండా అమరికను మాత్రమే చూపడానికి దాన్ని వాడతారు. ఆ లిపిలో రాసుకొనే భాషలకు అది కొంతవరకు సరిపోతుందేమో గానీ, మనకు మాత్రం అది కూటసాక్ష్యం.

ఎందుకంటే ఆ లిపికి ఒత్తులు లేవు. మన ‘లక్ష్మి’లో ‘క’కు ‘ష’ ఒత్తు, దానికి తోడు ‘మ’ ఒత్తు చేరాలి, నెత్తిన గుడి ఉండాలి. ‘రాష్ట్రం’, ‘శాస్త్రి’ కూడా అటువంటివే. ఇంగ్లీషుకు చాలిన 1.2 రెట్ల వరుస ఎడంలో ఈ మాటలు పడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుళ్ళను గుద్దుకొంటాయి. శీర్షికల పెట్టెల్లోనైతే ఒత్తుల తోకలు తెగిపోతాయి. అక్షర పరిమాణానికి 1.6 నుంచి 1.8 రెట్ల దాకా ఎడమిస్తే గానీ తెలుగు చదువరి కంటికి హాయిగా ఉండదని నా అనుభవం.

అడ్డకొలతకు వస్తే, ‘హోమ్’, ‘కాంటాక్ట్’ అన్న ఇంగ్లీషు మాటలు ఒదిగిన మెనూలో ‘మొదటి పుట’, ‘మమ్మల్ని సంప్రదించండి’ ఒదగవు. సంధులూ సమాసాలూ విభక్తులూ కలిసి మన మాటను సాగదీస్తాయి. ఫోను తెర మీద సన్నని గడిలో ‘వేంకటేశ్వరస్వామివారి’ అన్న ఒక్క మాట అంచు దాటి బయటికి పోతుంది. ఇక దరఖాస్తు ఫారాల్లో లెక్క మరీ విచిత్రం. ‘వేంకటేశ్వరస్వామి’ మన కంటికి 7 అక్షరాలు. యూనికోడ్ లెక్కలో 16 సంకేతాలు. యూటీఎఫ్-8లో దాచితే ఒక్కొక్క సంకేతానికి 3 బైట్ల వంతున 48 బైట్లు. పేరుకు 20 చాలునని గిరిగీసిన గడిలో ఇంటిపేరుతో సహా రాయబోయిన పెద్దమనిషి గతి ఏమిటి? బైట్ల లెక్కన మాటను నరికితే చివర అక్షరానికి బదులు ప్రశ్నార్థకపు డబ్బా మిగులుతుంది. నిజమైన తెలుగు పేరొకటి మొదటిరోజే ఆ గడిలో వేసి చూస్తే ఇవన్నీ అప్పుడే బయటపడతాయి.

మ్యాటరు ఆలస్యంగా రావడం ఒక ఇబ్బంది, వచ్చే రూపం మరొక ఇబ్బంది. ఎప్పుడో కరపత్రం కోసం పేజ్‌మేకరులో చేయించిన డి.టి.పి. ఫైలు పంపుతారు. ఆ ఫాంట్ల సంకేతాలు యూనికోడ్ కావు కనుక తెచ్చి అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి. గడువు ముంచుకొస్తున్నది కాబట్టి డిజైనరు దాన్ని బొమ్మగా మార్చి పుటకు తగిలిస్తాడు. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ వెదికేవారికి ఆ మాటలు దొరకవు. చూపు లేనివారికి తెరచదువరి వాటిని మామూలు పాఠంలాగా చదివి వినిపించలేదు. ఫోనులో పెద్దది చేసుకొంటే అక్షరం అలుక్కుపోతుంది. తెలుగు యూనికోడ్‌లో చోటు సంపాదించుకొన్నది 1991లో. ఇన్నేళ్ళ తరువాత కూడా మన మాటను మనమే బొమ్మ చేసి గోడకు వేలాడదీయడం నాకు కష్టంగా ఉంటుంది.

ఇక బేరం సంగతి. ఒక చిన్న గుడి కమిటీవారి సైటును మా శిష్యుడొకడు ఒప్పుకొన్నాడు. కమిటీలో ఐదుగురు పెద్దలు. ఒకరికి గోపురం బొమ్మ కదలాలి, ఇంకొకరికి పేరు తెరకు అడ్డంగా పరుగెత్తాలి. లాటిన్ ముక్కలతో చేసిన నమూనాకు అందరూ తలలూపారు. ఆపైన 12 పుటల స్థలపురాణం వచ్చింది. దానికి ఉంచిన చోటు నాలుగు వరుసలు. పుటలన్నీ మళ్ళీ కూర్చాలి, అదనపు ఖర్చవుతుందని మావాడు అన్నాడు. ‘ఈమాత్రం చిన్న మార్పుకు డబ్బులేమిటయ్యా’ అని వారన్నారు. మిగిలిన సొమ్ము నేటికీ అందలేదు. ఇంతాచేసి ఆ సైటులో లేనిదేమిటో తెలుసా? గుడి ఎన్నింటికి తెరుస్తారో, ఎన్నింటికి మూస్తారో ఎక్కడా లేదు. పొరుగూరి నుంచి వచ్చే ముసలమ్మకు కావలసింది ఆ ఒక్క ముక్క!

అందువల్ల ఈ వృత్తిలో ఉన్నవారికి నేను చెప్పేది ఇది. గీత గీయకముందే క్లయింటును మూడు ప్రశ్నలు అడగండి. ఈ పుటకు ఎవరు వస్తారు? ఏమి తెలుసుకోవాలని వస్తారు? తెలుసుకొన్నాక ఏమి చేయాలి? జవాబులు ఆయన నోట వచ్చిన మాటల్లోనే రాసుకోండి. సగం మ్యాటరు అందులోనే దొరుకుతుంది. కనీసం ఒక్క పుటకు సరిపడా అసలు తెలుగు పాఠం యూనికోడ్‌లో చేతికి వచ్చేదాకా నమూనా చూపవద్దు.

‘అలా కూర్చుంటే ఏ క్లయింటూ మ్యాటరు ఇవ్వడు మాస్టారూ, పని ఇంకొకడు ఎగరేసుకుపోతాడు’ అంటారు మావాళ్ళు. అందులో నిజముంది. బియ్యపు వ్యాపారికీ ఆసుపత్రి వైద్యుడికీ కూర్చుని వ్యాసం రాసే తీరిక ఎక్కడిది? అయితే రాత కూడా పనే. అడిగి తెలుసుకొని మీరే రాయండి, లేదా రాయగలవారి చేత రాయించండి. అంచనా కాగితంలో ‘పాఠ్యరచన’ అని వేరే పద్దు వేసి దానికి వెల కట్టండి. పద్దు కనబడితే క్లయింటు రెంటిలో ఒకటి చేస్తాడు: వెల ఇస్తాడు, లేదా మ్యాటరు తానే పంపుతాడు. రెండూ మీకు మేలే. ఉచితంగా వస్తుందనుకొన్నంతకాలం మాటకు మర్యాద లేదు.

మిగిలినవన్నీ కాగితం మీద పెట్టుకోవలసినవి. నోటి మాట నీటి మూట అని పెద్దలు ఊరికే అనలేదు. పుటలెన్ని, సవరణలు ఎన్ని విడతలు, ఆపైన విడతకు ఎంత అన్నది ముందే రాయండి. కమిటీలో ఎందరున్నా తుది మాట ఎవరిదో ఒక్కరి పేరు రాయించుకోండి. సొమ్ము మూడు వాయిదాలు చేయండి: పని మొదలుపెట్టేటప్పుడు ఒకటి, మొదటి పుట ఒప్పుకొన్నాక ఒకటి, సైటు లోకానికి చూపే ముందు ఒకటి. ఏరు దాటాక తెప్ప తగలేసేవారితో ఏరు దాటకముందే లెక్క తేల్చుకోవడం మర్యాదకు భంగం కాదు.

క్లయింటు పక్షాన కూడా ఒక మాట. డొమైను ఎప్పుడూ ఆయన పేరునే నమోదు కావాలి. తాళంచెవుల వంటి సంకేతపదాలు పని ముగిసిన రోజున ఆయన చేతికి అందాలి. డిజైనరు ఊరు మారితే దుకాణం పలక దిగిపోకూడదు కదా. పాఠమంతా ఒక ప్రతి వేరేగా దాచుకోవాలి. ఇది మనలాగా ఉచిత గూళ్ళలో రాసుకొనేవారికి కూడా వర్తిస్తుంది. 2009 అక్టోబరులో జియోసిటీస్ మూతపడినప్పుడు తమ పుటల ప్రతిని వేరే దాచుకొన్నవారు నిశ్చింతగా ఉన్నారు.

‘ఆదిలోనే హంసపాదు’ అని మనం అపశకునంగా వాడతాం. రాతలో విడిచిపోయిన అక్షరాన్ని చేర్చడానికి కింద పెట్టే గుర్తు హంసపాదు. నన్నడిగితే వెబ్‌సైటుకు ఆదిలో పడిన హంసపాదే శుభశకునం. కాగితం మీద పడితే దాని ఖరీదు ఒక సిరాచుక్క. సైటు కట్టాక పడితే పుటలు తిరగరాయాలి, మొహాలు చిట్లించుకోవాలి, ఒక్కోసారి స్నేహాలే తెగుతాయి. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న సామెత పక్కన ఈ రోజుల్లో సైటును కూడా చేర్చవచ్చు. ఇల్లు కట్టేవాడు ఎందరు కాపురముంటారో అడుగుతాడు, పెళ్ళి చేసేవాడు ఎన్ని విస్తళ్ళు లేస్తాయో అడుగుతాడు. సైటు కట్టేవారు కూడా ఏమి మాట చెప్పాలో అడిగి మొదలుపెడితే చాలు.

ఈ వృత్తిలో ఉన్న మిత్రులు తమ అనుభవాలను వ్యాఖ్యల్లో చెబితే సంతోషిస్తాను. క్లయింటులుగా దెబ్బతిన్నవారు కూడా చెప్పండి, న్యాయం రెండు వైపులా వినాలి కదా.