అక్షరం తప్పు కాంట్రాక్టరుది, నష్టం మన పిల్లలదా?

సుమారు 5,500 ఎకరాల్లో శంషాబాద్ విమానాశ్రయం వెలిసింది. 2008 మార్చి నుంచి విమానాలు ఎగురుతున్నాయి. భూములు పోయిన ఇళ్ల పిల్లలు ఎందరో అదే నేల మీద హౌస్‌కీపింగ్, లోడింగ్, పార్కింగ్ పనులు చేస్తున్నారు. టెండరు ముగిస్తే కాంట్రాక్టరు మారతాడు. మనిషి అక్కడే, చీపురు అక్కడే. పీఎఫ్ ఖాతా మాత్రం మారుతుంది.

రైతు సంఘం పత్రికలో పీఎఫ్ గొడవ ఎందుకని అడగవచ్చు. భూమి ఉన్నవాడికి ముసలితనంలో భూమే ఆసరా. భూమి పోయిన ఇంటికి ఈ పీఎఫే ఆసరా. కనుక ఇది మన గొడవే.

పాత ఖాతా కొత్త ఖాతాలో కలవాలంటే పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, మానేసిన తేదీ సరిపోవాలి. ఒక కాంట్రాక్టరు ఇంటిపేరు ముందు రాస్తాడు, ఇంకొకడు వెనక రాస్తాడు. ఒకడు మానేసిన తేదీ ఎక్కించకుండానే వెళ్లిపోతాడు. మరొకడు పాత యూఏఎన్ అడగకుండా కొత్తది తీస్తాడు. పట్టా పాసుపుస్తకంలో ఒక్క అక్షరం తప్పుకు తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగిన మనకు ఈ కథ కొత్త కాదు. తప్పు రాసేది వాళ్లు, చెప్పులు అరిగేది మనకు.

ఇది డబ్బు ఆలస్యంతో పోయే నష్టం కాదు. 58 ఏళ్లకు పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. ముగ్గురు కాంట్రాక్టర్ల దగ్గర నాలుగేసి ఏళ్లు చేస్తే పన్నెండేళ్లు. ఖాతాలు కలిస్తే పింఛను ఉంది. కలవకపోతే మూడు నాలుగులే మిగులుతాయి, పింఛను లేదు. 2014లో ఖరారు చేసిన కనీస పింఛను నెలకు 1,000 రూపాయలే. అదీ దక్కనివ్వరా?

2025 జనవరిలో నిబంధనలు సడలించారు. 2017 అక్టోబరు 1 తర్వాత ఆధార్‌తో వచ్చిన యూఏఎన్ అయితే పేరు, తేదీల తప్పులు చాలావరకు కార్మికుడే ఆన్‌లైన్‌లో దిద్దుకోవచ్చు. మంచిదే. కానీ విమానాశ్రయం తెరిచిన నాటి నుంచి చేస్తున్నవాళ్ల ఖాతాలు అంతకు ముందువి. వాళ్లు యజమాని ఆమోదం తేవాలట! టెండరు ముగిసి వెళ్లిపోయిన కాంట్రాక్టరును ఎక్కడని వెతకాలి?

కాంట్రాక్టు కార్మికుల పీఎఫ్‌కు అసలు యజమానిదే బాధ్యత అని పీఎఫ్ పథకం 30వ పేరా చెబుతోంది. అందుకే మేము డిమాండ్ చేస్తున్నాం: ప్రతి కార్మికుడి వివరాలు సరిచేసి, మానేసిన తేదీ ఎక్కించేదాకా కాంట్రాక్టరుకు చివరి బిల్లు చెల్లించవద్దు. కాంట్రాక్టరు కనిపించకపోతే ఆ ఆమోదం అసలు యజమానే ఇవ్వాలి.

మన పిల్లలకు ఒక మాట. కాంట్రాక్టరు మారాడని పీఎఫ్, పింఛను డబ్బు తీసేసుకోకండి. పింఛను సొమ్ము తీస్తే ఆ సర్వీసు పోతుంది. డబ్బు బదిలీ చేయించండి. యూఏఎన్ ఒక్కటే ఉంచుకోండి. మానేసిన తేదీ లేకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత మీరే ఎక్కించవచ్చు. ప్రతి నెలా 27న పీఎఫ్ శాఖ జిల్లాల్లో జరిపే 'నిధి ఆప్కే నికట్' శిబిరానికి కాగితాలతో వెళ్లండి. ఒంటరిగా వద్దు, పదిమంది కలిసి వెళ్లండి. సంఘం మీ వెంట వస్తుంది.

భూమి ఇచ్చినప్పుడు ఒక్క గుంట లెక్క తప్పనివ్వలేదు వాళ్లు. మన చెమట లెక్క మనమూ తప్పనివ్వం.